కట్టొద్దు, మూత వేస్తే చాలు

లాప్‌టాప్‌లు బాగుచేసే పని నేర్చుకుంటామని అప్పుడప్పుడు పిల్లలు మా ఇంటికి వస్తుంటారు. పాలిటెక్నిక్ అయిపోయింది, దుకాణం పెడదామనుకుంటున్నాం, నాలుగు మాటలు చెప్పండి మేడమ్ అంటారు. నేను ఒక్క మాటే చెబుతాను, వద్దని. వాళ్లు నవ్వుతారు. రిటైరైనవాళ్లందరూ తమ పని గురించి ఇలాగే అంటారని వాళ్ల నమ్మకం. టీ తాగి, నమస్కారం పెట్టి, వెళ్లి దుకాణం పెట్టుకుంటారు.

అందుకని ఈసారి వివరంగా రాస్తున్నాను. చదివాక కూడా పెట్టుకుంటామంటే మీ ఇష్టం, మీ ఖర్మ.

నేను డిప్లొమా చదివి విశాఖపట్నంలో ఒక కంప్యూటర్ల డీలరు దగ్గర సర్వీసు ఇంజనీరుగా చేరాను. పెళ్లయ్యాక చోడవరం వచ్చి, బస్టాండు వెనక సందులో సొంత దుకాణం పెట్టుకున్నాను. మా ఆయన స్కూలు మాస్టారు. ఆయనకు ప్లగ్గు సరిగ్గా దోపడం కూడా రాదు. అయినా వచ్చిన ప్రతివాడూ కౌంటరు మీదుగా లోపలికి తొంగిచూసి "సార్ లేరా అమ్మా?" అని అడిగేవాడు. సార్ ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతున్నారు, ఆ లాప్‌టాప్ ఇటివ్వు అనేదాన్ని. కొన్నేళ్లకు వాళ్లకీ అలవాటైంది, నాకూ అలవాటైంది.

వచ్చేవాటిలో సగానికి సగం ఒకటే రోగం. స్టార్ట్ అవడానికి ఆలస్యం. మావాళ్ల మాటలో చెప్పాలంటే "బేగి లెగటం నేదు." బటన్ నొక్కి, స్నానం చేసి, టిఫిన్ తిని వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. జనానికి ఇది చిన్న జబ్బు. పని చేస్తోంది కదా, కాస్త నెమ్మది, అంతేగా అంటారు. నన్నడిగితే పూర్తిగా చచ్చిన మిషనే నయం. చచ్చినదానికి కారణం ఒకటే ఉంటుంది. నెమ్మదించినదానికి బోలెడు ఉంటాయి, వాటిలో సగం మిషనులో ఉండవు.

ఈ పనంటే స్క్రూడ్రైవరు పట్టుకొని చకచకా విప్పడం అనుకుంటారు మీరు. కాదు. ఈ పనంటే కూర్చోవడం. ఎదురుగా ఒక మనిషి ఆదుర్దాగా నిలబడి ఉండగా, తిరిగే చుక్కలను చూస్తూ కూర్చోవడం. నా జీవితంలో పిల్లల మొహాలకంటే ఆ చుక్కలనే ఎక్కువ చూశాను. ఇది వేళాకోళం కాదు.

ఫార్మాట్ కొట్టు, టీ తాగు

విశాఖలో నా మొదటి యజమాని నరసింగరావుగారు. జీతం వేళకిచ్చేవారు, ఆడపిల్లనని తక్కువ చేసి మాట్లాడలేదు. అంతవరకు మంచివారే. కానీ ఆయనకు తెలిసిన మందు ఒక్కటే, ఫార్మాట్. అంటే మిషనులో ఉన్నదంతా తుడిచేసి, అన్నీ కొత్తగా ఎక్కించడం. ఏ రోగంతో ఏ మిషను వచ్చినా "ఫార్మాట్ కొట్టు, టీ తాగు" అనేవారు. టీ అయ్యేసరికి మిషను చలాకీగా లేచేది. కస్టమరు మహదానందంగా పట్టుకుపోయేవాడు. కొన్నాళ్లకు మళ్లీ అదే రోగంతో వచ్చేవాడు. అలా మళ్లీ రావడమే ఆయన వ్యాపారం.

కారణం ఏమిటి సార్ అని అడిగితే విసుక్కునేవారు. కారణం కనిపెట్టినందుకు ఎవడూ ఏమీ ఇవ్వడమ్మా, లేచినందుకు ఇస్తాడు అనేవారు. అది తప్పు మాట అనుకునేదాన్ని అప్పట్లో. ఇప్పటికీ తప్పే అంటాను, కాకపోతే అప్పుడున్నంత గట్టిగా అనలేను.

పని నాకు ఆయన నేర్పలేదు. చీడికాడలో ఒక ఎరువుల దుకాణం నేర్పింది.

నేను చోడవరంలో దుకాణం పెట్టాక ఒకసారి, దసరా వెళ్లిన కొత్తలో ఆ దుకాణం పెద్దమనిషి లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. నిక్షేపంలాంటి మిషను, ఉన్నట్టుండి లేవడం మానేసింది. అప్పటికే ఇంకొకడెవడో దానికి రెండుసార్లు ఫార్మాట్ కొట్టాడు. మిషనుకి ఏమైనా చేశారా, కింద పడేశారా, నీళ్లు పోశారా అని అన్నీ అడిగాను. ఏటీ సెయ్యనేదు మేడమ్ అన్నాడు. చేత్తో అడుగున తడిమితే పెనంలా కాలుతోంది. విప్పి చూస్తే ఫ్యాను నిండా గంధం, పసుపు, కుంకుమ. ఎండి గట్టిగా పిడచ కట్టుకుపోయి ఉన్నాయి.

ఆయుధపూజ చేశాడు. త్రాసుకి, మోటారు సైకిలుకి, మందు కొట్టే పంపుకి పెట్టినట్టే దీనికీ బొట్టు పెట్టాడు. పైన పెడితే మూత మీద మరక పడుతుందని, జాగ్రత్త కొద్దీ అడుగున పెట్టాడట. సరిగ్గా గాలి ఆడే కన్నాల మీద. లోపల వేడెక్కితే మిషను తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది. బ్రష్షుతో తుడిచి ఇచ్చేశాను, లేచింది. ఆయన ఫ్యాను వంక చూసి, "పూజ సేసేం గానీ మేడమ్, ఇంకేటీ సెయ్యనేదు" అన్నాడు.

ఆ మనిషి అబద్ధం ఆడలేదు. ఆయన లెక్కలో పూజ చేయడం మిషనుకి ఏదో చేయడం కాదు. అప్పట్నుంచి నేను మిషనుకి ఏం చేశారని అడగడం మానేశాను. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఇంట్లో ఏమేం జరుగుతుందో చెప్పమనేదాన్ని. చాలామంది ఈవిడకు పిచ్చేమో అనుకునేవారు. కానీ జవాబు అందులోనే దొరికేది.

మీకు నేను నేర్పగలిగిన పనంతా ఇంతే. మిగతాది ఫోనులో వీడియోలు చూసి నేర్చుకోవచ్చు. కానీ ఈ పని తెలిసి ఉండి కూడా ఏమీ చేయలేకపోయిన సంగతి ఒకటి ఉంది. నేను దుకాణం మూసేయడానికి అదే కారణం.

ఈశ్వరి

ఈశ్వరిది కె.కోటపాడు దగ్గర ఒక పల్లె. ఆమె భర్త అప్పలరాజు విశాఖలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పని మీదుండగా ఎత్తు నుంచి పడి నడుం విరిగింది. మంచం మీద ఉన్నాడు, ఎవరైనా లేపి కూర్చోబెడితే కూర్చుంటాడు. అద్దె ఇల్లు ఖాళీ చేసి సంసారం సొంతూరికి తిరిగొచ్చింది. అత్త సింహాచలం కూలి పనికి వెళ్లేది, కొడుకు దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాలని మానేసింది. భూమి లేదు. ఈశ్వరి డిగ్రీ చదివింది కాబట్టి ఇంట్లో కూర్చొని చేసే ఉద్యోగం ఒకటి సంపాదించింది. ఎక్కడో దూరదేశపు ఆసుపత్రుల బిల్లులు సరిచూసే పని. మొగుడి మంచం పక్కన బల్ల వేసుకొని చేసుకుంటుంది. ఆ ముగ్గురి అన్నమూ ఆ బల్ల మీదే ఉంది.

లాప్‌టాప్ కంపెనీ ఇచ్చిందే, పాతది. ఉదయం ఎనిమిదికల్లా కంపెనీ ప్రోగ్రాం తెర మీద తెరుచుకోవాలి. తెరుచుకుంటే హాజరు, ఎనిమిది దాటితే లేటు. లేట్లు పోగుపడితే ఉద్యోగం పోతుంది. మనిషి ఎప్పుడొచ్చి కూర్చుందో వాళ్లకు అక్కర్లేదు, మిషను ఎప్పుడు లేచిందో అదే లెక్క. ఈశ్వరి ఏడు కాకుండానే కూర్చొని బటన్ నొక్కేది. అది ఒకరోజు ఎనిమిదికి ముందు లేచేది, ఇంకోరోజు ఎనిమిదిన్నరకి లేచేది. అప్పటికే హెచ్చరికలు వచ్చి ఉన్నాయి.

ఇదంతా చెబుతున్నప్పుడు ఆమె ఏడవలేదు. సంచిలోంచి లాప్‌టాప్ తీసి నా ముందు పెట్టింది. "స్క్రూల మీద కంపెనీ సీలుంది మేడమ్. అది సిరిగితే అప్పుడూ తీసీస్తారు. ఇప్పకుండా బాగుసెయ్యాల" అంది.

పెదవి విప్పకుండా పాట పాడమన్నట్టే ఉంది. అయినా ఆ పిల్ల మొహం చూసి కాదనలేకపోయాను. బటన్ నొక్కి కూర్చున్నాను. లోపల డిస్కు కరకరమంటోంది, అంటే పాతకాలపు తిరిగే డిస్కు. అది తీసి కొత్తరకం పెడితే చాలావరకు బాధ తీరుతుంది, కానీ సీలు. ఎట్టకేలకు లేచాక ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూశాను. కంపెనీవాళ్లు పెట్టిన కాపలా ప్రోగ్రాములు మూడున్నాయి. ఆమె కీబోర్డు మీద ఎన్నిసార్లు వేలు వేసిందో ఒకటి లెక్కపెడుతుంది. ఉండుండి తెరను ఫోటో తీస్తుంది ఇంకొకటి. మూడోది వైరసుల కోసం డిస్కంతా వెతుకుతుంది. పొద్దున్న బటన్ నొక్కగానే మూడూ ఒక్కసారి ఆ ముసలి డిస్కు మీద పడతాయి. వాటిని ఆపాలంటే కంపెనీ పాస్‌వర్డ్ కావాలి. పాపం సగం డిస్కుది, సగం కాపలావాళ్లది అని నా అంచనా. రెండింటిలో దేన్నీ ముట్టుకోవడానికి లేదు.

ఇక మిగిలింది ఒకటే దారి. అసలు ఆపకుండా ఉండటం. పని అయ్యాక మూత వేసి వదిలెయ్యి, మిషను నిద్రపోతుంది, పొద్దున్న మూత తీస్తే నిద్రపోయిన చోటి నుంచే లేస్తుంది అని చెప్పాను. బ్యాటరీ చచ్చిపోయింది కాబట్టి ప్లగ్గు మాత్రం తీయొద్దన్నాను. "కట్టొద్దు. మూత ఏస్తే సాలు" అని గుమ్మం దాకా వెళ్లి మళ్లీ చెప్పాను.

ఆ మర్నాడు ఫోను చేసింది. మూత తీసీ తీయగానే వచ్చేసిందట, ఏడున్నరకే హాజరు పడిందట. ఆ వారమంతా అలాగే గడిచింది. సీలు చిరక్కుండా బాగుచేశానని మా ఆయన దగ్గర గొప్పలు పోయాను. ఎప్పుడూ గొప్పలు పోకండి.

కట్టడం

తర్వాత వారం మళ్లీ ఫోను. మళ్లీ లేటు. మీరు సెప్పినట్టే మూత ఏసేను మేడమ్, నానేటీ సెయ్యనేదు అంది. ఆ మాట వినగానే నాకు ఎరువుల దుకాణం గుర్తొచ్చింది. మర్నాడు ఆమె మూత తీయకముందే చూడాలని, తెల్లారకుండానే మా ఆయన్ని లేపి స్కూటరు తియ్యమన్నాను.

ఇల్లు చిన్నది. ముందుగదిలోనే అప్పలరాజు మంచం, దాని పక్కన బల్ల, తలుపు పక్కన స్విచ్చుల బోర్డు. మూత తీస్తే తెర నల్లగా ఉంది. బటన్ నొక్కితే మొదట్నుంచి మొదలుపెట్టింది. అంటే రాత్రి ఎప్పుడో కరెంటు అందలేదు. కరెంటు పోయిందా అని అడిగితే అప్పలరాజు లేదన్నాడు. రాత్రంతా తన మంచం మీద ఫ్యాను తిరుగుతూనే ఉందట.

సింహాచలం టీ పట్టుకొచ్చింది. ఆవిడది నా వయసే ఉంటుంది. లాప్‌టాప్ సంగతి ఎత్తకుండా, రాత్రి పడుకునేముందు ఏమేం చేస్తావు అప్పా అని అడిగాను. గిన్నెలు కడుగుతాను, గుంటడికి, అంటే కొడుక్కి, దుప్పటి కప్పుతాను, తలుపేస్తాను, అన్నీ కట్టీసి తొంగుంటాను అంది. అన్నీ అంటే ఏమిటని అడిగాను. టీవీ, బల్బులు, ఆ గోడ మీదున్న స్విచ్చులు. గుంటడి ఫ్యాను తప్ప అన్నీ.

ఈశ్వరి లేచి నిలబడింది. "లాప్‌టాప్ కట్టొద్దని సెప్పేను కదత్తా."

"లాప్‌టాపు నానెక్కడ కట్టేనే? దాన్ని ముట్టుకోనేదు. గోడమీద స్విచ్చి కట్టేను."

మా వైపు లైటు కడతాం, ఫ్యాను కడతాం, కుళాయి కడతాం. కట్టడమంటే ఆపడం. పడుకునేముందు అన్నీ కట్టడం ఇంట్లో పెద్దావిడ పని. ఉరుము ఉరిమితే వస్తువులు కాలిపోతాయని, రాత్రంతా ఎర్రదీపం వెలుగుతుంటే కరెంటు దండగని, ఇంకా చెప్పాలంటే కట్టకుండా పడుకుంటే ఇల్లు తెరిచి పడుకున్నట్టుంటుందని. లాప్‌టాప్ కట్టొద్దంటే దాని మీదున్న బటన్ నొక్కొద్దని ఆవిడకు అర్థమైంది. నొక్కలేదు. మొదటి వారం బాగా నడవడానికి కారణం కూడా అప్పుడే తెలిసింది. ఆ వారం ఆవిడ అనకాపల్లిలో కూతురింట్లో ఉంది.

మూత వేసినా లోపల మెలకువ ఉంటుందని, గోడ నుంచి కరెంటు అందకపోతే పొద్దున్న మళ్లీ మొదటికొస్తుందని వివరంగా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది. అంతా విన్నాక కోడలి వైపు చూపించి ఒకటే అడిగింది. "అయితే గుంటకి లేట్లు పడ్డం నావల్లేనా అమ్మా?"

అన్నీ కాదు అప్పా, ఈ వారం పడ్డవే, అంతకుముందువి నీవల్ల కాదు అన్నాను. పనివాళ్లం కదా, మాకు లెక్క సరిగ్గా ఉండాలి. ఆవిడ మాత్రం మొదటి సగమే పట్టుకుంది.

ఆ రోజు నుంచి సింహాచలం ఆ ఇంట్లో ఏ స్విచ్చీ ముట్టుకోలేదు. పట్టపగలు వసారాలో బల్బు వెలుగుతూ ఉండేదట, ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతూ ఉండేదట. ఏది కడితే ఎక్కడ తగులుతుందో ఏటి తెల్సు అనేదట. ఈశ్వరి తనే వెళ్లి కట్టి వచ్చేది. అత్త ఆమె చేతి వంకే భయంగా చూసేదట. నాతో ఈ మాట చెబుతూ ఈశ్వరి నవ్వబోయింది, రాలేదు.

టికెట్టు

కొన్నాళ్లు సవ్యంగా గడిచింది. ఆ తర్వాత ఒక సాయంత్రం గాలివాన కొట్టి స్తంభాలు పడ్డాయి. పొద్దున్న దాకా ఊరికి కరెంటు లేదు. కరెంటు వచ్చాక మిషను మళ్లీ మొదటి నుంచి లేచి, లేటు పడింది. గాలివాన అని రాస్తే, ఇంట్లో కరెంటు చూసుకోవడం ఉద్యోగి బాధ్యత అని జవాబు వచ్చింది. ఇంకొక్క లేటు పడితే ఇంటికే అని కూడా రాశారు. ఆమె ఇంట్లోనే ఉందన్న సంగతి వాళ్లకు తట్టలేదు కాబోలు.

ఈశ్వరి దుకాణానికి వచ్చింది. నేనే మాట్లాడతాను అన్నాను. ఆమె ఫోను నుంచి కంపెనీ సహాయ కేంద్రానికి చేసి, స్పీకరు పెట్టాను. ఒక అబ్బాయి ఎత్తాడు. ముందు ఇంగ్లీషు, తర్వాత పుస్తకంలో తెలుగు. టికెట్టు పెట్టారా అన్నాడు, అంటే ఫిర్యాదు. ఆ టికెట్టు పెట్టే చోటు మిషను లేచాక గాని తెరుచుకోదు. అయినా ఈశ్వరి చాలాసార్లే పెట్టింది. పెట్టిన ప్రతిసారీ సమస్య తీరిందని వాళ్లంతట వాళ్లే మూసేశారు. ఎందుకని అడిగితే, మేము చూసే సమయానికి సిస్టమ్ ఆన్‌లోనే ఉంటోంది మేడమ్, ఆన్‌లో ఉందంటే స్టార్ట్ అయినట్టే కదా అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పాత డిస్కు అన్నాను, ఇంకో మిషను పంపమన్నాను. పంపలేకపోతే ఆ మూడు కాపలావాటిలో ఒకటైనా తీసెయ్యమన్నాను. అదీ కాకపోతే మిషను లేచినప్పుడు కాకుండా మనిషి బటన్ నొక్కినప్పుడు హాజరు వెయ్యమన్నాను. ఇంట్లో మంచం మీద మనిషి ఉన్నాడని కూడా చెప్పేశాను, చెప్పకూడదనుకుంటూనే. చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నానని తెలుస్తూనే ఉంది, అయినా ఊదాను.

అంతా విన్నాడతను. మీది ఏ ఊరు మేడమ్ అన్నాడు. చోడవరం అన్నాను. అప్పుడు గొంతు బాగా తగ్గించాడు.

"మాది వడ్డాదమ్మా. నానూ ఇంటికాడ నుంచే సేస్తన్నాను. నా సిస్టమూ ఇలగే లెగదు. ఇయ్యాల నాకూ లేటే పడింది."

వడ్డాది మాకు పక్కనే. ఆ వెంటనే గొంతు సవరించుకొని, ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్ అని అడిగాడు. వాళ్ల మాటలన్నీ రికార్డవుతాయి. నేను ఫోను పెట్టేశాను. ఈశ్వరి అతని మీద జాలిపడింది. నాకు జాలి కూడా రాలేదు. కోపం ఎవరి మీదికి పంపాలో తెలియక కౌంటరు తుడుచుకుంటూ కూర్చున్నాను.

పిల్లలూ, మీకు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. మా రోజుల్లో రోగానికి ఒక చోటు ఉండేది. డిస్కు, ఫ్యాను, వైరు. వేలు పెట్టి చూపించగలిగేవాళ్లం. నరసింగరావుగారు మోసం చేస్తే ఆయన మొహం ఎదురుగా ఉండేది, తిట్టుకోవడానికి వీలుండేది. ఇప్పుడు బ్యాటరీ లోపల అతికించేసి ఉంటుంది. మెమరీ విప్పడానికి రాకుండా బోర్డుకే అతికించేస్తారు. మిషను పెట్టుకున్నవాడిది కాదు, పాస్‌వర్డ్ వాడి చేతిలో లేదు, ఫిర్యాదు తీసుకునేవాడు కూడా అదే రోగంతో మూలుగుతున్నాడు. మీరు ఎంత బాగా నేర్చుకున్నా, రోగం పేరు చెప్పి పంపేయడం తప్ప ఏమీ చేయలేని రోజులివి. రోగం పేరు తెలిసినంత మాత్రాన ఎవడి ఉద్యోగమూ నిలబడదు. నరసింగరావుగారన్నది ఇదేనేమోనని ఇప్పుడనిపిస్తుంది.

అట్టపెట్టె

ఆ ఇంకొక్క లేటు ఎందుకు పడిందో నాకు తెలియదు. ఈశ్వరికీ తెలియదు. కరెంటు పోలేదు, ఎవరూ కట్టలేదు. మూత తీస్తే అది మొదటి నుంచి లేవడం మొదలుపెట్టింది. రాత్రి కంపెనీవాళ్లే ఏదో మార్పు పంపించి, మిషనును వాళ్లంతట వాళ్లే ఆపి మళ్లీ తెరిచి ఉంటారని నా అనుమానం. రుజువు చేసేందుకు నా దగ్గర ఏమీ లేదు. ఉద్యోగం పోయింది.

లాప్‌టాప్ తిరిగి పంపమన్నారు. దాన్ని ఒకసారి ఇంటర్నెట్‌కి కలిపి ఉంచమన్నారు, తమ ప్రోగ్రాములు అక్కడి నుంచే తీసేసుకుంటామన్నారు. ఈశ్వరి ముందురోజే అలా కలిపి ఉంచింది. ఆ తర్వాత తెర వెలుగుతుండగా ఒక ఫోటో తీసి, భద్రంగా కట్టి కొరియరులో పంపాలి. అట్టపెట్టెలు, థర్మోకోలు నా దగ్గరుంటాయని అత్తా కోడళ్లిద్దరూ మొదటి బస్సుకే వచ్చేశారు. అప్పలరాజు దగ్గర పక్కింటివాళ్లను కూర్చోబెట్టారు. నేను అప్పుడే షట్టరు ఎత్తాను.

ఫోటో కోసం బటన్ నొక్కి, ఎలాగూ చాలాసేపు పడుతుంది కదా అని థర్మోకోలు వెతకడానికి లోపలికి వెళ్లాను. ముక్క చేతికి అందలేదు, ఈశ్వరి పిలిచింది.

వచ్చేసింది. చుక్కలు రెండు చుట్లు తిరిగి ఉంటాయేమో. తెర మొత్తం, అన్ని బొమ్మలతో, నిండుగా వెలుగుతోంది. నమ్మలేక ఆపి మళ్లీ వేశాను. మళ్లీ అంతే. అదే ముసలి డిస్కు, అదే చచ్చిన బ్యాటరీ. లేనిదల్లా ఆ మూడు కాపలా ప్రోగ్రాములే. సగం, సగం అని నేను వేసిన అంచనా కూడా తప్పు. పాపం అంతా వాటిదే. ఆమె సరిగ్గా పని చేస్తోందో లేదో చూడమని పెట్టినవే రోజూ ఆమెకు లేటు చేశాయి.

ఈశ్వరి అలవాటు కొద్దీ గోడ గడియారం వైపు చూసింది. ఇంకా ఎనిమిది కాలేదు.

కాసేపటికి అత్త భుజం పట్టుకొని దగ్గరకు తీసుకొచ్చింది. "సూసేవా అత్తా. నీవల్ల కాదు. నువ్వు కట్టినా కట్టకపోయినా ఒకటే. ఆళ్లు పెట్టినవి తీసీగానే ఎంత బేగి లెగిసిందో సూడు."

నేనూ చెప్పాను. నీ తప్పు లేదప్పా, ఇది నా పని, నాకు తెలుసు అన్నాను. ఇన్నాళ్లకు ఒక్కటైనా సరిగ్గా తేలింది, ఈ మనిషి గుండె మీద బరువైనా దించుతాను అనుకున్నాను.

సింహాచలం చేతులు వెనక్కి పెట్టుకొని, ఎక్కడా తగలకుండా వంగి, వెలుగుతున్న తెరను చాలాసేపు చూసింది.

"ఎందుకు లెగదమ్మా? ఇన్నాళ్ల బట్టీ నాను ఏటీ కట్టటం నేదు కదా" అంది. "ఆ బుద్ధేదో ముందే ఉంటే గుంట ఉజ్జోగం ఉండును."